మునుపు ఎవరడిగారు?

మధ్యాహ్నం తిరిగింది. ఎండ మాడ్చేస్తోంది, ఆకు కదలడం లేదు. అయినా లంకలో ఈత చెట్ల కింద జంతువులన్నీ చేరి కూర్చున్నాయి. ఆ రోజు సభ.

లంకంటే గోదావరి రెండు పాయలుగా చీలి మధ్యలో వదిలేసిన ఇసుక నేల. ఒక పాయ ఏడాది పొడుగునా పారుతుంది. రెండోది వేసవిలో ఎండిపోతుంది. అది దాటితే రాతి మిట్ట. మిట్ట మీద నీడుంది, తిండి లేదు. అందుకే అందరి కాపురాలూ లంకలోనే. అందరి తిండీ లంక నడుమ ఉన్న ఉమ్మడి కొట్టులోనే. చేలల్లో రాలిన జొన్నా, వేరుశనగా, కందులూ ఎవరికి దొరికినవి వాళ్లు తెచ్చి అందులో పోస్తారు. దాన్నుంచి గింజ బయటికి కదలాలంటే సభ ఒప్పుకోవాలి.

సభకి పెద్ద జంబయ్య అనే నక్క. పక్కన పొడుగయ్య అనే కొంగ. ఏ గింజ ఎప్పుడు మార్చుకుంటే లాభం, పని కలిసి చేస్తే మేలా విడిగా చేస్తే మేలా, ఇలాంటివి పరిశోధించి చెప్పడం వాళ్ల పని. చాలాసార్లు వాళ్లు చెప్పిందే నిజమయ్యేది. అందుకే లోపల సణుక్కున్నా అందరూ వినేవారు.

సభకో ఆచారం ఉంది. ప్రశ్న ఉన్నవాళ్లు సభ నడుమ ఉన్న బండ ఎక్కాలి. ఎక్కగానే జంబయ్య, "మునుపు ఎవరడిగారు?" అంటాడు. ఫలానా తాత అడిగాడని చూపిస్తే ప్రశ్న నిలుస్తుంది. చూపించలేకపోతే అది గాలి ప్రశ్న. దిగిపోవాల్సిందే.

ఆ రోజు బండ ఎక్కింది మంగాయి. పందికొక్కు, నడివయసు తల్లి. పోయిన ఏడు ఏరు వేళ కాని వేళ వచ్చి బొరియలో దూరింది. పిల్లల్ని నోట కరుచుకుని ఒక్కొక్కర్నే గట్టుకి చేర్చింది గానీ, చంటిదాని కోసం వెనక్కి వెళ్లేసరికి బొరియ ఎక్కడుందో కనిపించలేదు. అప్పట్నుంచీ ఎక్కడైనా నీళ్ల చప్పుడు వింటే దాని కాళ్లలో సత్తువ పోతుంది. మాట కూడా తగ్గిపోయింది.

"ఏంటమ్మా మంగాయీ, చెప్పు," అన్నాడు జంబయ్య.

"ఏరు గురించండి."

"ఏరుకేమైంది?"

"ముందొస్తోంది. ఏటేటా. ఈ ఏడు ఇంకా ముందొస్తుంది. పాయ ఎండి ఉండగానే కొట్టు మిట్టకి మార్చాలి. మనమూ మారాలి."

"మునుపు ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. మునుపు ఇలా రాలేదు."

సభలో ఇకిలింతలు. గాడిద మోతయ్య అయితే నేల మీద పడి దొర్లాడు.

పొడుగయ్య మెడ చాచాడు. "వరద సంగతి నేను స్వయంగా చూశానమ్మా. ఊరికే చెప్పడం కాదు, దిగి కొలిచాను. ఎంత పెద్ద వరదైనా మోకాలి లోతే."

"ఎవరి మోకాలు?" కొమ్మ మీంచి అడిగింది ఉడుత చారలమ్మ.

"నాదే! కొలిచింది నేనైతే మీ ఆయన మోకాలు ఎందుకవుతుంది?"

జంబయ్య చెయ్యెత్తి నవ్వులు ఆపాడు. "చూడమ్మా. ఇవాళ నోట్లో ఉన్న గింజకి బరువుంటుంది. రేపటి గింజ అంతకంటే తేలిక. వచ్చే ఏటిదైతే అసలు తూగదు. నష్టాలూ అంతే. రాబోయే నష్టం కోసం ఇవాళ్టి ఒళ్లు హూనం చేసుకోవడం లాభసాటి కాదు. ఇది నా సిద్ధాంతం."

"పిల్లలూ అంతేనా, అయ్యవారూ?"

జంబయ్య చూపు తిప్పుకున్నాడు. "నీ బాధ నాకు తెలుసు. కానీ బాధ వేరు, పరిశోధన వేరు. దిగమ్మా."

మంగాయి దిగింది.

బొరియకి వెళ్లి అడుగు మట్టిని ముక్కుతో తాకి చూసింది. చల్లగా, జిగటగా ఉంది. ఎండ అలా కాస్తుంటే కింద తడి ఎక్కడిది? ఎగువ కొండల్లో ఎక్కడో వాన పడుతోందన్నమాట. నలుగురు పిల్లలూ ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు.

చారలమ్మ వెనకాలే వచ్చింది. "వదినా, వాళ్ల మొహం మండ! నువ్వు పిల్లల్ని తీసుకుని మిట్ట మీదికి వెళ్లిపో."

"ఏం పెట్టను?"

"పోనీ, కొట్టులోంచి మనమే ఎత్తుకెళ్తే?"

"నల్లన్న ఉన్నాడుగా." నల్లన్న దున్నపోతు, కొట్టు కాపలా. మాట ఇచ్చాడంటే కొమ్ము విరిగినా కదలడు.

"మరేం చేద్దాం?"

మంగాయి పిల్లల వంక చూసింది. తర్వాత అడిగింది. "సభలో ఎప్పుడూ నిలిచే ప్రశ్న ఏది?"

"ఇంకేముంది, మోపుల గోల! ఎవరు మోస్తే తొందరగా చేరుతుంది, ఎలా మోస్తే తక్కువ తింటారు... మోతయ్య వాళ్ల తాత అడిగాడట. అప్పట్నుంచీ అదే పాట. జంబయ్యకి ఆ మాట చెవిన పడితే చాలు, తోక దానంతటదే ఊగుతుంది."

మంగాయి మీసాలు కదలడం మానేశాయి.

"రేపు మళ్లీ ఎక్కుతాను."

"మళ్లీనా! ఏరు మాట ఎత్తితే ఈసారి తరిమి కొడతారు వదినా."

"ఎత్తను."

మర్నాడు పొద్దున్నే మబ్బు పట్టింది. మంగాయి బండ ఎక్కింది. కాళ్లు గట్టిగా ఆనించి నిలబడింది.

"మునుపు ఎవరడిగారు?" ఆవులిస్తూ అన్నాడు జంబయ్య.

"మోతయ్య వాళ్ల తాత. మోపుల గురించి."

జంబయ్య ఆవులింత సగంలో ఆగింది. "అలా రా! చెప్పు చెప్పు."

"ఇన్నాళ్లూ చదునులోనే మోసి చూశారు. ఎత్తుకి మోస్తే ఎలా ఉంటుంది? కలిసి మోస్తే ముందు చేరతామా, విడిగానా?"

"విడిగానే!" అన్నాడు పొడుగయ్య వెంటనే.

"కలిసే!" అన్నాడు జంబయ్య. "ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? చేతులు మారితే వేగం పెరుగుతుంది."

"చదునులో పెరుగుతుందేమో. ఎత్తు దగ్గర ఎవరి గొడవ వాళ్లది."

"అయితే చూద్దాం పట్టు! మిట్ట ఉందిగా, ఎక్కిస్తే తేలిపోతుంది."

"ఎన్ని గింజలు ఎక్కించాలి?" అడిగింది మంగాయి అమాయకంగా.

"నాలుగు బుట్టలు చాలవా?" అన్నాడు నల్లన్న.

"నాలుగు బుట్టలతో ఏం తేలుతుందోయ్, నీ బొంద!" జంబయ్య గుడ్లురిమాడు. "ఇలాంటి పరిశోధనకి కొట్టు మొత్తం కావాలి. ఒక పద్ధతిలో సగం, ఇంకో పద్ధతిలో ఇంకో సగం. అందరూ మోయాలి. ఒక్కరు తప్పినా ఫలితం చెడుతుంది."

"పిల్లలున్న తల్లులమండీ. వాళ్లని వదిలి ఎలా వస్తాం?"

జంబయ్య కళ్లు మెరిశాయి. "వదలొద్దు! పిల్లలూ మోపే. కదిలే మోపు. ఇది ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు! ప్రతి తల్లీ పిల్లల్ని కూడా ఎక్కించాలి. పొడుగయ్యా, ఇది గుర్తుపెట్టుకో, ఇది నేనన్న మాట."

కొమ్మ మీద చారలమ్మ తోకతో నోరు మూసుకుంది.

నల్లన్న కొట్టు తలుపు తీశాడు. ఎండిన పాయ ఇసుక మీద అటు పొడుగయ్య వర్గం, ఇటు జంబయ్య వర్గం. ఉన్న మాట చెప్పుకోవాలి, జంబయ్యకి తన విద్య బాగా తెలుసు. బరువులు ముందు పంపాడు, ఇసుక గట్టిపడేలా. తర్వాత తేలికవి. చిన్నవాళ్లని బారుగా నిలబెట్టి చేతుల మీదుగా గింజలు అందించమన్నాడు. ముసలి తాబేలుని బతిమాలి పల్లంలో వంతెనలా పడుకోబెట్టాడు. పొడుగయ్య పద్ధతిలో మోసినవాళ్లు ఒకర్నొకరు తోసుకుని బోర్లాపడి, కొంచెంసేపటికి సిగ్గుపడకుండా ఈ బారులోకి వచ్చి నిలబడ్డారు. పొద్దు వాలేలోపు కొట్టు ఖాళీ. గింజా, బుట్టా, పిల్లా, తల్లీ అంతా మిట్ట మీద.

"నేను చెప్పలా!" జంబయ్య తోక నేలకి ఆనడం లేదు. "కలిసి మోయడమే మేలు. తేలిపోయింది. ఇక రేపు పొద్దున్నే అంతా కిందికి దింపేద్దాం."

మంగాయి మెల్లిగా లేచింది. మిట్ట మీద బండ లేదు. ఓ రాయి ఎక్కింది.

"దింపడం గురించి మునుపు ఎవరడిగారు, అయ్యవారూ?"

జంబయ్య పొడుగయ్య వంక చూశాడు.

"అందరూ మోయడం గురించే అడిగారు," అంది మంగాయి. "ఎత్తు నుంచి దింపడం గురించి ఏ తాతా అడగలేదు."

"అది... అది వేరే ప్రశ్న కాదమ్మా, ఇదే ప్రశ్నకి తోక."

"గాలి ప్రశ్న!" అరిచింది చారలమ్మ.

"అవునండీ, ఆచారం ఆచారమే," అన్నాడు నల్లన్న గంభీరంగా. "సభలో నిలవని పనికి గింజ కదలనివ్వను." వెళ్లి గింజల కుప్పకి అడ్డంగా పడుకున్నాడు.

జంబయ్య తోక నేలకి వాలింది. తను కట్టిన గోడ తనకే అడ్డం వచ్చింది. మోతయ్య ఇకిలించబోయి ఆగాడు. అప్పుడే అర్థమైంది వాడికి, నిన్న తను నవ్విన మాటే ఇవాళ జరిగిందని.

కొన్నాళ్లు గడిచాయి. ఏరు రాలేదు. మిట్ట మీద రాళ్లు గుచ్చుకుంటున్నాయని కుందేళ్లు గొణిగాయి. "అమ్మగారి వరద దారి తప్పినట్టుంది," అని మోతయ్య మళ్లీ మొదలెట్టాడు. మంగాయి విననట్టే ఉండేది. కానీ పిల్లలు నిద్రపోయాక పాయ వంక చూస్తూ కూర్చునేది. రాకపోతే నవ్వుతారు. వస్తే? రాకపోతేనే బాగుండునని కూడా అనుకునేది.

జంబయ్య మాత్రం, "మీరు రాళ్ల మీద దొర్లండి, నా గుంతలో నాకు మెత్తగా ఉంటుంది," అని ఒక్కడూ లంకలోకి దిగిపోయాడు.

ఓ తెల్లవారుజామున మంగాయి కాళ్లలో సత్తువ పోయింది. చెవికి వినపడకముందే కాళ్లకి తెలిసింది. తర్వాత హోరు. ఎర్రటి నీళ్లు ఎండిన పాయలోకి ఒరుసుకుంటూ వచ్చాయి. వెలుగు వచ్చేసరికి పాయ ఎక్కడో, లంక ఎక్కడో తెలియలేదు. ఈత చెట్ల తలలు మాత్రం ఊగుతున్నాయి. కొట్టు కప్పు తేలుతూ పోయింది.

పొడుగయ్య ఎగిరి ఓ చుట్టు తిరిగి వచ్చాడు. "దిగి కొలుద్దామనుకున్నాను. కాలికి నేల అందలేదు."

"జంబయ్య కనిపించాడా?" అడిగింది మంగాయి.

"బండ మీద. నీళ్లు మెడ దాకా వచ్చాయి."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తెలివైనవాడుగా, తేలతాడులే," అన్నాడు మోతయ్య.

మంగాయి వాడి వంక ఒకసారి చూసింది. మోతయ్య తల దించుకున్నాడు.

"నల్లన్నా," అంది. "వెళ్లయ్యా."

నల్లన్న నీళ్లలోకి దిగాడు. వరద లాగుతుంటే ఏటవాలుగా ఈది బండ చేరాడు. తిరిగొచ్చేటప్పుడు కొమ్ముని కావలించుకుని జంబయ్య ఉన్నాడు, తడిసిన చీపురులా. గట్టు మీద పడి నీళ్లు కక్కుకుని చాలాసేపు లేవలేదు.

చారలమ్మ ఊరుకుంటుందా! "అయ్యవారూ, వచ్చే ఏటి నష్టం ఇవాళే వచ్చేసినట్టుంది. ఎంత తూగిందేమిటి?"

"ఊరుకోవే," అంది మంగాయి.

జంబయ్య లేచాడు. ఒళ్లు దులుపుకోకుండానే ఆ రాయి ఎక్కాడు.

"సభకి ఓ ప్రశ్న," అన్నాడు. "ఏరు ఏటేటా ముందెందుకు వస్తోంది? మనం ఏం చెయ్యాలి?"

అలవాటుకొద్దీ పొడుగయ్య అడిగేశాడు. "మునుపు ఎవరడిగారు?"

జంబయ్య తల వంచాడు. "మంగాయి. మన పందికొక్కు మంగాయి అడిగింది. నేను దింపేశాను."

ప్రశ్న నిలిచింది. ఆ పూటే సభ పరిశోధన మొదలుపెట్టింది. మోపులు బాగా మోయించినవాడు బొరియలు ఎక్కడ తవ్వాలో, కొట్టు ఎంత ఎత్తున కట్టాలో కూడా బాగానే చూస్తాడని అందరికీ నమ్మకం కలిగింది. మంగాయికి కూడా.

ఎవరూ అడగలేదని ముప్పు ఆగిపోదు కాబట్టి, మొదట అడిగినవాళ్లని బండ మీంచి దింపకూడదు.

నీళ్లు తీశాక మిట్ట వాలులోనే మంగాయి కొత్త బొరియ తవ్వింది. మొదటి సాయంత్రం గుమ్మంలో కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి దూరుతుంటే ముక్కుతో తాకి చూసుకుంది. బొద్దోడు ఒకడు. మీసాలి రెండు. గోకుడు మూడు. సన్నమ్మ నాలుగు. కాసేపు ఆగింది. చంటిదాని చోటు ఖాళీగానే ఉంది. తర్వాత బయటికి చూస్తూ మళ్లీ అందుకుంది. కొమ్మ మీద చారలమ్మ అయిదు. కొత్త కొట్టు దగ్గర నల్లన్న ఆరు. మోతయ్య ఏడు. పొడుగయ్య ఎనిమిది. బురద అంటిన తోక ఈడ్చుకుంటూ వాలు ఎక్కుతున్నాడు, జంబయ్య. తొమ్మిది.