వరదరాజులు కలిపేసిన ట్యాంకు

పలమనేరు దారిలోని ఒక మందుల ఫ్యాక్టరీలో వరదరాజులు అనే పెద్ద కెమిస్టు ఉండేవాడు. ఆయన చచ్చినా తన తప్పు ఒప్పుకునేవాడు కాదు. కుండపోత వానను ఎండ అన్నాడంటే, ఊరంతా గొడుగులు ముడుచుకుని తడవాల్సిందే.

ఆ ఫ్యాక్టరీలో మబ్బులు కూడా పక్కకు తప్పుకుని వెళ్లేంత ఎత్తు ట్యాంకులు ఉండేవి. వాటిలో పాలను పెరుగు చేసే జాతి సూక్ష్మజీవులను పెంచేవారు. పగవాళ్లయిన క్రిములను చంపడానికి అవి ఒక చిన్న ప్రోటీన్‌ను వదులుతాయి. ట్యాంకెడు పులిసిన ద్రవాన్ని వడగట్టి, కడిగి, ఆరబెడితే చివరికి దోసెడు పొడి మిగిలేది. గేదెల పొదుగువాపుకు అదే మందు.

ఆ ఏడు పొదుగువాపు ఊళ్ల మీద పడింది. పాత మందులేవీ పనిచేయలేదు. వరదరాజులు అక్క మంగతాయారుకు ఉన్నది ఒకే గేదె. దాని పాలతోనే ఆమె ఇల్లు గడిచేది.

"పొదుగు రాయిలా అయిందిరా తమ్ముడూ. మందెప్పుడు తెస్తావు?" అని ఆమె ఫోన్ చేసింది.

"ఈ వారంలో నేనే తెస్తాగా అక్కా," అన్నాడు.

ఆ మర్నాడే ఒక ట్యాంకు చెడింది. నమూనా తీసే కుళాయికి క్రిములు చచ్చేలా ముందుగా ఆవిరి పట్టాలి, అది చేయకుండానే ఆయన తెరిచాడు. అందులోంచి వేరే క్రిమి చొరబడింది. ఆ కంపుకు కాకులు కర్ణాటక మీదుగా చుట్టు తిరిగి పోయాయి. పరీక్షలు చేసే నాగవేణి ముక్కు మూసుకుని వచ్చింది.

"సార్, ఇది పారబోద్దాం. పక్క ట్యాంకు బాగుంది, మందుకు అది చాలు."

"చెడలేదమ్మా, కాస్త ఘాటెక్కింది. ముందు నీ ముక్కు చూపించుకో," అన్నాడు వరదరాజులు. పారబోస్తే ఎవరి వల్ల చెడిందని అడుగుతారని ఆయన భయం. ఆమె భోజనానికి వెళ్లగానే చెడ్డ ట్యాంకును మంచి ట్యాంకులోకి వదిలేశాడు. అంత మంచిలో ఇంత చెడు తెలియదులే అనుకున్నాడు.

కానీ ఆ దొంగ క్రిమి వదిలిన రసం ప్రోటీన్లను తినేస్తుంది. చెడ్డదానిలో ఉన్నది చాలక, మంచి ట్యాంకులోని మందును కూడా తినేసింది. ఆ సంగతి తెలియక అందరూ వడగట్టారు, కడిగారు, ఆరబెట్టారు. మల్లెపువ్వులాంటి పొడి వచ్చింది. నాగవేణి క్రిములు పెంచిన పళ్లెంలో దాన్ని కొంచెం వేసి చూసింది. మందు ఉంటే చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ జాగా కనబడాలి. అవి ఆ పొడి పక్కనే కాపురాలు పెట్టి, మనవలను కూడా ఎత్తుకున్నాయి.

"ఆ చెడ్డ ట్యాంకును ఇందులో కలిపారా సార్?" అంది నాగవేణి.

అప్పుడు చెప్పాడు.

"ఆ రోజే చెడిందని ఒప్పుకుని ఉంటే మంచి ట్యాంకన్నా మిగిలేది కదా సార్," అని ఆమె కుర్చీలో కూలబడింది.

మళ్లీ ట్యాంకు పులిసి మందు చేతికి వచ్చేసరికి గేదె పొదుగు ఎండిపోయింది. వరదరాజులు సీసా పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె పాలు లేని కాఫీ ఇచ్చింది.

"తప్పు నాదే అక్కా," అన్నాడు.

"సరేలేరా. ఆ సీసా తీసుకెళ్లిపో, నాకిక దాంతో పనిలేదు," అంది మంగతాయారు.

తప్పును దాచడానికి మంచిలో కలిపేస్తే ఆ మంచి కూడా పోతుంది. ఆలస్యంగా ఒప్పుకున్నంత మాత్రాన అది తిరిగి రాదు.