గోడలో గంగులు

ఒక ఊళ్ళో ఒక తాత ఏతం తొక్కేవాడు. దూలం మీద ఆయన ముందుకు నడిస్తే బాన నూతిలో మునిగేది, వెనక్కి నడిస్తే నీళ్ళు పైకొచ్చి ఊరంతా పారేవి. ఆయన కూర్చోగా చూసినవాళ్ళు లేరు. కూర్చుంటే ఆ ఊరికి మరి తెల్లవారదని అందరికీ తెలుసు.

ఊరందరికీ నీళ్ళు పోసే ఆ తాతకి అంబలి మాత్రం ఒకే ఒక్క సన్నకాలవ మీద, పడవలో రావాలి. అంబలి పడవలతో పాటు వెన్న పడవలు కూడా ఆ కాలవ మీదే తిరిగేవి. వెన్న లేనిదే ఊరికి జరగదు. ఇళ్ళు మెత్తాలన్నా, దీపం పెట్టాలన్నా వెన్నే. అందుకని వెన్న పడవల్ని ఎవరూ తప్పు పట్టలేదు, అవి పెరుగుతూ వచ్చాయి.

పడవలు ఎక్కువైతే గోడలకి రాసుకుంటాయి కదా! రాసుకున్నప్పుడల్లా ఇంత వెన్న ఇటుకల సందుల్లోకి జారేది. జారిన వెన్న నాలుగు రోజులకి ముక్కిపోయి కంపు కొట్టేది.

ఆ ఊరి కావలివాళ్ళకి తాతముత్తాతల నాటి కట్టు ఒకటుంది. దొంగ వస్తే పట్టుకోవాలి, ముక్కినది కనిపిస్తే మింగెయ్యాలి. ముక్కినది అలాగే వదిలేస్తే పురుగు పడుతుందని వాళ్ళ భయం. కావలికి చేరిన మొదటిరోజునే ప్రతివాడిచేతా ఆ ఒట్టు వేయించేవారు. ఎంత మింగాలో మాత్రం ఆ ఒట్టులో లేదు.

గంగులు అలాంటి కావలివాడే. మంచివాడు, మాట జవదాటడు. ఇంట్లో భార్య నూకాలు రెండు ముద్దలు ఎక్కువ పెడితే "అబ్బ, ఇంక పట్టదే" అని కంచం ముందునుంచి లేచిపోయేవాడు. అటువంటి మనిషి ఒకనాడు కాలవగోడ సందులో కంపు తగిలి లోపలికి దూరాడు. మింగాడు. ఇంకా ఉంది, మింగాడు. అన్నానికి నిండే కడుపు ఆ వెన్నకి నిండదు, అదేం చిత్రమో! వెనక్కి తిరుగుదామనుకునేసరికి ఒళ్ళు ఆ సందులో పట్టలేదు.

ఇరుక్కున్న కావలివాడు ఏం చేస్తాడు? కొమ్ము ఊదుతాడు. గంగులు ఊదాడు. కొమ్ము వినపడితే దొంగ పడ్డాడనే లెక్క, అందుకని పదిమంది కావలివాళ్ళు పరుగున వచ్చి సందులో దూరారు. దొంగ లేడు, వెన్న ఉంది. ఒట్టు ఒట్టే కదా, వాళ్ళూ మింగారు. వాళ్ళూ ఇరుక్కుని తలా ఒక కొమ్ము ఊదారు. ఇక చూడండి, వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. కొందరు లోపలే ఊపిరాడక పోయారు పాపం. గోడ పొట్టలా కాలవలోకి ఉబ్బి వేడెక్కిపోయింది. మేస్త్రీలు వచ్చి, ఆ ఉబ్బు మీద పల్చగా సున్నం మెత్తి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు.

అంబలి పడవ రావడం ఆలస్యమైంది. మొదట పూట, తర్వాత రెండు పూటలు. తాత అడుగు తడబడింది. ఎత్తు ఎక్కినట్టు రొప్పుతూ, రొమ్ము పట్టుకుని, అయినా దూలం దిగకుండా నడిచాడు. ఆ అడుగు తేడా ఊళ్ళో ప్రతి గడపకీ వినపడింది.

అప్పుడు పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్ళ సంగతి మీకు తెలీదు. తప్పెవరిదో తేలేదాకా వాళ్ళకి అన్నం సయించదు.

"వెన్న పడవలు తగ్గించండి" అన్నాడు ఊరిపెద్ద. తగ్గించారు. నిజం చెప్పాలి, దానివల్ల మేలే జరిగింది, ఉబ్బు పెరగడం నెమ్మదించింది. కానీ గోడ వేడి తగ్గలేదు, లోపల కొమ్ములు మోగుతూనే ఉన్నాయి.

"కావలివాళ్ళే దొంగలు! మన వెన్న తిని మన గోడలోనే బలిశారు" అన్నాడు ఊరిపెద్ద రెండోసారి. బయట మిగిలిన కావలివాళ్ళని ఊరు దాటించారు. మూడోరోజుకల్లా తూముల్లోంచి అడవిపందులు దిగి కొట్టాల్లో పడ్డాయి. నలుగురు మనుషులు పోయారు. పొలిమేరలో కూర్చున్న కావలివాళ్ళని బతిమాలి వెనక్కి తెచ్చుకున్నారు.

మూడోసారి గునపాలు తెచ్చారు.

గునపం ఎత్తిన చేతిని నూకాలు పట్టుకుంది. "లోపల నా మొగుడున్నాడు! పొడిచే ముందు నన్ను పొడవండి" అంది. ఆమె వెనకాల ఇంకొకావిడ నిలబడి ఉంది. పన్నెండేళ్ళుగా ఊరి గోడలన్నిటినీ భూతద్దం పెట్టి చూస్తూ తిరిగే మనిషి. ఇటుకలకి పేలు చూస్తోందని ఊళ్ళో అందరూ ఆవిణ్ణి వెక్కిరించేవారు.

"పొడవకండయ్యా" అంది భూతద్దం ఆవిడ. "ఆ సున్నం ఉల్లిపొరంత ఉంది. పగిలిందంటే లోపలున్నదంతా ఒక్కసారే కాలవలో పడి తాత ముంగిట అడ్డం పడుతుంది. మరి అంబలి పడవ రాదు."

ఊరిపెద్ద గునపం దింపాడు. ఆవిడ సున్నంలో ఒక సన్నటి బీట దగ్గర నోరు పెట్టి పిలిచింది.

"గంగులూ, ఎందుకు తిన్నావు నాయనా?"

"తినమన్నారు తల్లీ."

"చాలనిపించలేదా?"

"నాకనిపించలేదు. ఎవరైనా చెబుతారేమో అనుకున్నాను."

భూతద్దం ఆవిడకి కళ్ళు నిండాయి. పన్నెండేళ్ళలో ఆవిడ వెన్నని చూసింది, ఇటుకని చూసింది, లోపలివాళ్ళని ఒక్క మాట అడగలేదు. అడగనందుకు అక్కడే సిగ్గుపడింది.

"ఒక్క పని చెయ్యండి. కొమ్ములు దింపండి. దొంగ వస్తే చూసుకోవడానికి బయట మీవాళ్ళున్నారు" అంది.

ఒక్కొక్క కొమ్మే ఆగింది. కొత్తవాళ్ళు రావడం మానేశారు. వారం తిరిగేసరికి గోడ చల్లబడింది. అప్పుడావిడ వెన్న దింపేసి ఉత్తినే తిరిగిపోయే చిన్న పడవల్ని పిలిచి బీట దగ్గర ఆపించింది. లోపలివాళ్ళు మింగిందంతా ఉండలు చేసి ఆ బీటలోంచి అందించారు, పడవలు మోసుకుపోయాయి. నెలలు పట్టింది. చిక్కి చిక్కి, సన్నబడి, వచ్చిన సందులోంచే ఒక్కొక్కరూ బయటికి వచ్చారు. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా ఒక ఇంట్లో ఏడుపూ నవ్వూ కలిసి వినపడేవి. అంబలి పడవ వేళకి రావడం మొదలైంది. తాత అడుగు కుదుటపడింది.

నూకాలు ప్రతిరోజూ వచ్చి సందు ముందు నిలబడేది. వచ్చినవాడల్లా గంగులు కాదు. చివరికి లోపల బతికున్నవాళ్ళలో అతనొక్కడే మిగిలాడు.

"ఏమయ్యా, నువ్వూ సన్నబడ్డావుగా. రావేం?" అంది నూకాలు.

"రాకూడదే. సున్నానికి లోపలివైపు నా వీపే ఆనుకుని ఉంది. సున్నం నా వీపుని కరుచుకుని రాయైపోయింది. నేను కదిలితే పొర చిరుగుతుంది. నాకు లోపలివైపు పోయినవాళ్ళున్నారు, కరగని వెన్న ఉంది. అంతా తాత మీదకి పోద్ది."

"ఊరు నిన్ను దొంగ అంది!"

"అంది. తాత అనలేదుగా."

నూకాలు భూతద్దం ఆవిడ వైపు తిరిగింది. "అమ్మా, అందరినీ తీశారు. ఈయన్ని తియ్యలేరా?"

"నాకు తెలిసినదంతా చేశానమ్మా" అంది ఆవిడ. "దీనికి ఉపాయం నాకింకా తెలీదు. వెతుకుతాను. నా జన్మలో దొరుకుతుందని మాత్రం మాటివ్వలేను." ఆ మాట చెప్పడం ఆవిడకి ఎంత కష్టమైందో ముఖం చూస్తేనే తెలిసింది. అయినా అబద్ధం చెప్పలేదు.

నూకాలు గోడని తిట్టింది, వెన్నని తిట్టింది, ఒట్టు వేయించినవాళ్ళని పేరు పేరునా తిట్టింది, ఆఖరికి మొగుణ్ణి కూడా తిట్టింది. లోపల్నుంచి గంగులు అన్నిటికీ "ఊఁ" కొట్టాడు. తిట్లు అయిపోయాక ఆమె ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే అంబలి పడవవాడు ఆ మలుపు దగ్గర పడవ నెమ్మది చేశాడు. గోడవారగా గట్టు మీద నూకాలు మూడు రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టుకుంది. చాప, బిందె, రెండు కంచాలు తెచ్చుకుంది. ఎసట్లో బియ్యం పోస్తూ, గోడ వైపు తిరిగి, "ఎంత పెట్టమంటావు?" అని అడుగుతోంది.