కొమ్మలున్న గొలుసు

కైకలూరు చేపల రైతు తెచ్చిన ప్లాస్టిక్ సంచి బల్ల మీద పడి ఉంది. చేపపిల్లలతో పాటు నీళ్ళూ ఆక్సిజనూ నింపి కడితే, దారిలోనే మడత దగ్గర నిలువునా చీలింది. అలాంటివి పదకొండు. ఒక్క పిల్లా బతకలేదు.

"ఎవరు చేశారిది?" అన్నాడు రైతు.

"నా షెడ్డులో తయారైంది. తప్పు నాది. రేపు కొత్త సంచులు నేనే తెస్తాను," అన్నారు మస్తాన్‌వలీ గారు. ముప్ఫై ఏళ్ళుగా సంచుల యంత్రం నడుపుతున్న మనిషి.

పక్కనే నిలబడ్డ తిరుమలేశు తల దించుకున్నాడు. పాలిమర్ చదువు చదివి ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. గురువు ఊళ్ళో లేనప్పుడు, ఆయన వాడే మెత్తరకం ప్లాస్టిక్ గింజలు తీసేసి గట్టిరకం పోసింది అతనే.

రైతు వెళ్ళాక తిరుమలేశు అన్నాడు:

"గురువుగారూ, పాలిథీన్ అంటే పొడుగాటి గొలుసులు. నేను పోసినదాంట్లో కొమ్మల్లేని గొలుసులు. దగ్గరగా, వరుసగా పేరుకుంటాయి. మీ రకంలో గొలుసు నిండా కొమ్మలే, ఒద్దికగా పేరుకోవు. నాదే గట్టిది. మరి నాదెందుకు చీలింది?"

ఆయన కొబ్బరి చీపురు విప్పి ఇరవై పుల్లలు అతని చేతిలో పెట్టారు. అవి గుప్పిట్లో ఇమిడిపోయాయి.

"రెండుగా విడదియ్యి."

బొటనవేలు దూర్చగానే కట్ట రెండైంది.

ఆయన బయటికి వెళ్ళి, కంచె దగ్గర కత్తిరించి పడేసిన గోరింట రెమ్మలు తెచ్చారు. అవీ ఇరవయ్యే. రెండు చేతులా పట్టుకుంటే గాని ఆగలేదు. రెమ్మకీ రెమ్మకీ మధ్య అంతా ఖాళీ.

"దీన్నీ విడదియ్యి."

తిరుమలేశు లాగాడు. ఒక రెమ్మ లాగితే పక్క రెమ్మలూ కదిలొచ్చాయి. అదిమితే కట్ట అణిగింది, వదిలితే మళ్ళీ లేచింది. మెలితిప్పితే వంగింది. రెండు మాత్రం కాలేదు.

అతను కట్టని తిప్పి చూశాడు. ప్రతి రెమ్మ కొమ్మలూ పక్క రెమ్మ కొమ్మల్లో చిక్కుకుని ఉన్నాయి.

"అయితే గట్టిరకం పనికిరాదా గురువుగారూ?"

"ఎందుకు రాదు? నీళ్ళ డ్రమ్ము చెయ్యి, దాన్ని మించింది లేదు." మస్తాన్‌వలీ గారు చీపురు పుల్లలు ఏరి మళ్ళీ కట్టుకుంటూ అన్నారు. "వరుసగా సర్దుకున్నదానిది గట్టిదనం. సర్దుకోలేనిదానిది ఓర్పు."

తిరుమలేశు గోరింట రెమ్మలు నెమ్మదిగా కింద పెట్టి, యంత్రంలో మిగిలిన గట్టి గింజలు ఖాళీ చేయడానికి వెళ్ళాడు.