నక్క బావ నడిపిన పిట్టల యాత్ర

కొమ్మ గట్టిగా పట్టుకుని కూర్చోండి, చెప్పేది నేను. మారేడుమిల్లి కొండల్లో పుట్టిన ఏట్రింత పిట్టని. ఒళ్లంతా కాటుక నలుపు. తోకకి రెండు పొడుగాటి తీగలు, తీగల కొసల్లో రెండు కుచ్చులు. అందం సంగతి మీకే కనిపిస్తోంది కనక వదిలేస్తాను. అసలు సంగతి గొంతు. నూట పదహారు జీవాల గొంతులు నాకు వచ్చు. ఒకసారి సరదాకి డేగలా అరిస్తే, నిజం డేగే హడలిపోయి చెట్టుతొర్రలో దూరి మూడు రోజులు బయటికి రాలేదు. మూడేమిటి, వారం! పులిలా గాండ్రిస్తే పాములేరు వాగు పారడం ఆపి, నేను నోరు మూశాకే మళ్లీ కదిలింది.

అంతటివాణ్ని వెతుక్కుంటూ ఒక ఎండాకాలం పొద్దున నక్క బావ వచ్చాడు.

"గురువుగారూ! పిట్టల యాత్ర ఒకటి పెడుతున్నాను. ఈ కొండల నుంచి కొల్లేటి దాకా తొమ్మిది రోజుల నడక. దారిలో ఉన్న పిట్టలన్నిటినీ జనానికి చూపిస్తాను."

"నిన్ను చూస్తే ఏ పిట్టయినా ఆగుతుందా బావా?"

"అందుకే కదండీ తమ దగ్గరికొచ్చింది! తమరు వాటి గొంతుతో పిలిస్తే అవే పరుగెత్తుకొస్తాయి. తమ గొంతే లేకపోతే అది యాత్ర కాదు, ఊరికే కాళ్లనొప్పి."

"మరి నీకేమిటి లాభం?"

"నాకేముంది గురువుగారూ, సేవ. మాంసం ముట్టి ఆర్నెల్లయింది."

తమరు, గురువుగారు అన్న మాటలు చెవిన పడ్డాక నాకు ఇంకేమీ వినపడలేదు. ఒప్పేసుకున్నాను.

యాత్రకి ఇద్దరు తయారయ్యారు. ఒకరు పోలమ్మత్త, ముసలి గేదె. "పుట్టినప్పట్నుంచీ నా వీపెక్కి పిట్టలు తిరుగుతూనే ఉన్నాయి అబ్బాయ్. మెడ అంత వెనక్కి తిరగదు కదా! ఒక్కదాని మొహమైనా దగ్గర్నుంచి చూసి పోదామని" అంది. రెండోవాడు కుందేలు చెవులయ్య. వాడి బావమరిది పోయినేడు ముప్పై పిట్టల్ని చూశానని ఊరంతా చెప్పుకున్నాడట. వీడికి ముప్పై ఒకటి కావాలి.

నక్క బావ నియమం ఒకటే. "ఎవరూ కదలకూడదు, నోరెత్తకూడదు. గురువుగారు పిలుస్తారు, పిట్ట వస్తుంది, కళ్లారా చూడండి. నేను వెనక నిలబడతాను."

మొదటి మజిలీలోనే అడవికోడిని పిలిచాను. ఎవడో కొత్త పుంజు తన పొదలోకి చొరబడ్డట్టు కూశాను. అంతే! ఆ పొద పుంజు మెడ ఈకలు నిక్కబొడుచుకుని యుద్ధానికొచ్చింది, దాని వెనకే పెట్ట. 

"ఒకటీ... రెండూ!" అన్నాడు చెవులయ్య. 

పోలమ్మత్త కళ్లు చెమర్చాయి. "ఏం రంగురా అయ్యా!"

"ఆహా గురువుగారూ! ఆహా!" అన్నాడు నక్క బావ. "మీరు నడుస్తూ ఉండండి. ఎవరైనా ఏమైనా మర్చిపోయారేమో చూసుకుని వచ్చేస్తాను."

అలా ప్రతి మజిలీలోనూ. వెదురు గుబురుల దగ్గర పూరేడు, రాళ్లగుట్ట మీద కౌజు, మైదానంలోకి దిగాక చెరుకుతోట గట్టున నెమలి. నేను పిలవడం, అవి పరుగెత్తుకు రావడం, బావ "ఆహా" అనడం, వెనక్కి ఉండిపోవడం. ఎనిమిది రోజులకి చెవులయ్య లెక్క నలభై ఒకటికి చేరింది. వాడికి లెక్కలు రావు లెండి, నాలుగొందలకి తక్కువ ఉండవు.

ఎనిమిదో రోజు సాయంత్రం పోలమ్మత్త నన్ను పక్కకి పిలిచింది.

"అబ్బాయ్, దారంతా గడ్డి మేస్తూ వచ్చిన నేనే చిక్కిపోయాను. ఏమీ ముట్టని మీ బావకి ఆ పొట్ట ఎలా వచ్చింది?"

"సేవ చేసేవాళ్లకి ఒళ్లు అలాగే నిగనిగలాడుతుంది అత్తా."

"నీ పిలుపు విని బయటికొచ్చిన పిట్ట మళ్లీ ఇంటికెళ్లి ఏం చూసుకుంటోందో ఒక్కసారైనా వెనక్కెళ్లి చూశావా?"

"కచేరీ అయ్యాక వెనక్కెళ్లేది చాపలు చుట్టేవాళ్లు అత్తా, విద్వాంసులు కాదు" అన్నాను. ఆ మాట నాకెంత బాగా నచ్చిందంటే, నాకు నేనే రెండుసార్లు చెప్పుకున్నాను.

తొమ్మిదో రోజు కొల్లేరు. ఎండలకి నీళ్లు బాగా వెనక్కిపోయాయి. దూరంగా గూడబాతులు తెల్లగా తేలుతున్నాయి. ఒడ్డంతా నెర్రెలిచ్చిన బురద, ఇవతల గులకరాళ్ల మెరక.

"గురువుగారూ, ఇక్కడ తీతువు ఉందట" అన్నాడు నక్క బావ.

"తీతువా!" చెవులయ్య చెవులు రెండూ వాల్చేశాడు. "అది అరిస్తే అపశకునం. నా లెక్కలో వద్దు బాబూ."

"ఒక్కటి తక్కువైనా యాత్ర పూర్తయినట్టు కాదు చెవులయ్యా. కానివ్వండి గురువుగారూ."

మగతీతువు గొంతెత్తి పిలిచాను. "టిట్టీ... టిట్టిరీ..."

రాళ్ల మధ్య నుంచి ఆడతీతువు లేచింది. పచ్చటి కాళ్లు తడబడుతుంటే పరుగెత్తుకొచ్చింది. దాని పొట్ట ఈకలు తడిసి నీళ్లోడుతున్నాయి.

"వచ్చావా? నాలుగు రోజులైంది! వల్లో పడ్డావన్నారు, నేను నమ్మలేదు. కొల్లేటి నీళ్లలో పొట్ట తడుపుకొచ్చి ఒక్కదాన్నే గుడ్లకి చల్లదనం ఇస్తున్నాను, ఎండకి ఉడికిపోతాయేమోనని. ఏవైపున్నావ్? మళ్లీ ఒక్కసారి పిలువు!"

అటు పరుగెత్తింది, ఇటు పరుగెత్తింది. చుట్టూ తిరిగి తిరిగి చూసింది.

నా నూట పదహారు గొంతుల్లో ఒక్కటీ రాలేదు. అలవాటు కొద్దీ బావ వైపు చూశాను, మెచ్చుకోలు కోసం. "ఆహా గురువుగారూ!" అంటూనే ఉన్నాడు. కానీ ఆ కళ్లు నా మీద లేవు. తీతువు మీదా లేవు. అది ఎక్కణ్నుంచి లేచిందో ఆ రాళ్ల మీదే ఉన్నాయి. మీసానికి గుడ్డుపెంకు ముక్క ఒకటి అతుక్కుని ఉంది.

అడవికోడి, పూరేడు, కౌజు, నెమలి. అందరినీ గూళ్ల మీద నుంచి లేపింది ఎవరు? నేనే.

పోలమ్మత్త నా మొహం చూసింది. తిట్టినా బాగుండేది.

"మీరు నడుస్తూ ఉండండి" అన్నాడు బావ. "ఎవరైనా ఏమైనా మర్చిపోయారేమో..."

ఇంక చూసుకోండి నా ప్రతాపం! బాణంలా... బాణమేమిటి, పిడుగులా ఎగిరి, తీతువు చెవిలో ఒక్క మాట పడేసి, నెర్రెల బురద అవతల తుంగ మొక్క మీద వాలాను. అప్పుడే గుడ్డు పగలగొట్టుకొచ్చిన పిల్లల్లా కీచుమన్నాను. ఒక్క పిల్ల కాదు, నాలుగు పిల్లలు, నాలుగు గొంతులు, ఒకే గుక్కలో!

నక్క బావ ఆగాడు. గుడ్లకన్నా పిల్లలు రుచి. ఇంతలో తీతువు విరిగినట్టు రెక్క ఒకటి ఈడ్చుకుంటూ అతని ముక్కు ముందు నుంచే బురద మీదకి నడిచింది. తల్లీ కుంటిదే, పిల్లలూ అక్కడే! ఇక ఆగుతాడా, దూకాడు.

కొండల్లో పెరిగినవాడికి నేలంటే రాయే. ఎండాకాలం కొల్లేటి బురదకి పైన ఎండిన పెచ్చు ఉంటుందనీ, కింద గంజిలా ఉంటుందనీ అతనికేం తెలుసు? తీతువు బరువుకి ఆగిన పెచ్చు, తొమ్మిది రోజుల గుడ్లు మోస్తున్న పొట్టకి ఆగలేదు. పది అడుగులు వేసేసరికి ఛాతీ దాకా దిగిపోయాడు.

"గురువుగారూ! కాపాడండి!"

"ఇది చివరి మజిలీ బావా. కదలకు, నోరెత్తకు. పిట్టలొస్తాయి. నియమం నీదే."

అప్పుడు పిలిచాను! గూడబాతుల్ని గూడబాతులా, నీటికోళ్లని నీటికోళ్లలా, కొంగల్ని కొంగల్లా. ఆకాశం కనపడలేదంటే నమ్మండి. మారేడుమిల్లి అడవికోడి కూడా వచ్చిందని నేనంటాను, లేదని చెవులయ్య అంటాడు. అన్నీ గుండ్రంగా వాలి, మెడలు చాచి నక్కని చూడసాగాయి. తొమ్మిది రోజులు పిట్టల్ని చూపించినవాణ్ని పిట్టలన్నీ కూర్చుని చూశాయి.

"నేను మాట తప్పలేదు గురువుగారూ!" బావ ఏడుస్తున్నాడు. "గుడ్డు మాంసం కాదుగా!"

"అలాగే ఉండనివ్వండి" అని కొంగలు తీర్పు చెప్పేశాయి. తీతువు మాత్రం ఒప్పుకోలేదు.

"ఇక్కడ చస్తే గద్దలు దిగుతాయి. పక్కనే నా గుడ్లున్నాయి. తీసి పంపించెయ్యండమ్మా, పుణ్యముంటుంది."

పోలమ్మత్త బురదలోకి సొంతింట్లోకి నడిచినట్టు నడిచింది. బావ ఆవిడ తోక నోట కరుచుకుని గట్టెక్కాడు. ఎవరి మొహమూ చూడకుండా కొండల దారి పట్టాడు. అప్పట్నుంచి అతను అడుగు తీసి అడుగేస్తే ముందు నేను అరుస్తాను, నా వెనక అడవంతా అరుస్తుంది.

తీతువు వచ్చి పోలమ్మత్త ముక్కుకి ఎదురుగా, జానెడు దూరంలో నిలబడింది. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

"కళ్ల దగ్గర ఆ ఎరుపు..." అంది పోలమ్మత్త. "ఎంత చక్కగా ఉన్నావే తల్లీ! నిన్నా అపశకునం అన్నది?"

చెవులయ్య గొంతు సవరించుకున్నాడు. "నలభై రెండు" అన్నాడు మెల్లగా.

నేను తలెత్తలేదు. తీతువే నేను వాలిన తుంగ మొక్క కిందకి వచ్చింది.

"ఆ పిలుపు నీదేనా బాబాయ్?"

"నాదేనమ్మా. తప్పైపోయింది."

"అచ్చం ఆయనలాగే ఉంది." గుడ్లున్న రాళ్ల వైపు తిరిగి చూసింది. "గుడ్లు పిగిలి పిల్లలొచ్చే రోజుదాకా ఉంటావా? నాన్న గొంతు ఎలా ఉండేదో పిల్లలకి ఒక్కసారి తెలియాలి."

పదకొండు రోజులున్నాను. పిగిలిన పొద్దున, రాళ్ల పక్కన కూర్చుని, చిన్నగా ఒక్కసారి కూశాను. ఆ కూత గురించి మాత్రం ఎక్కువ చెప్పను. నాలుగు గుడ్లూ పిగిలాయని చెప్పచ్చు, మీరు నమ్ముతారు కూడా. మూడే. ఒకటి ఎండకి పోయింది, తల్లి నా పిలుపుకి లేచి పరుగెత్తిన ఆ పొద్దునే.

ఆ గొంతు మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు నాకొచ్చినవి నూట పదిహేను.

నీతి ఇదీ: నీ గొంతుని ఎవరైనా మెచ్చుకుంటుంటే, ఆ నోటివైపు కాదు, ఆ కళ్లు ఎటు చూస్తున్నాయో చూడు.