మిగిలిన తీగ

దాలినాయుడికి ఆ ఇంజను అర్థం కాలేదు. పొద్దున్నుంచీ దాని మీదికి వంగి చూస్తూనే ఉన్నాడు. చూసినకొద్దీ తికమక పెరుగుతోందే తప్ప తగ్గడం లేదు.

గాజువాక ఆటోనగర్‌లో పైడయ్య మేస్త్రి షెడ్డు అది. పాత కారు కొనేవాళ్ళు ముందు అక్కడికి తెచ్చి చూపించుకుంటారు. ఇంజనుకి ఇదివరకు ఏమేం మార్పులు జరిగాయో, ఏది విప్పారో, ఏది కొత్తగా బిగించారో మేస్త్రి చూసి చెబుతాడు. ఆయన సరే అంటే కొంటారు, వద్దంటే మానుకుంటారు.

దాలినాయుడు ఆయన శిష్యుడు. పని బాగానే వచ్చింది. పనితోపాటు, నాకు వచ్చునన్న ధీమా కూడా వచ్చింది. ఆ రోజు మేస్త్రి మొదటిసారి ఒక బండిని పూర్తిగా అతనికే వదిలేశాడు. నువ్వేమంటే అదే ఆవిడకి చెబుతాం, నేను వేలు పెట్టను అన్నాడు.

ఆవిడంటే ఎస్తేరు. పాడేరు వైపు కొండల్లో ఒక ఆసుపత్రిలో నర్సు. బస్సు లేని వేళ డ్యూటీకి వెళ్ళాలన్నా, పురుడు కష్టమైన మనిషిని కిందికి దింపాలన్నా చేతిలో ఒక బండి ఉండాలని ఆవిడ కోరిక. ఘాట్ రోడ్డు మలుపులో బండి ఆగిపోతే ఏమవుతుందో ఆవిడ ఒకసారి కళ్ళారా చూసింది. ఆ సంగతంతా వచ్చీ రాగానే మేస్త్రికి చెప్పుకుంది. దాలినాయుడు అప్పటికే బానెట్టు ఎత్తి తల లోపల పెట్టేశాడు కాబట్టి అతని చెవిన పడలేదు.

కారు అమ్ముతున్నది అనకాపల్లి గోవిందరాజులు గారు. పెళ్ళిళ్ళకి అద్దెకు తిప్పిన బండి. ఆయన షెడ్డు బయట ఒక పాత టైరు మీద కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి లేచి వచ్చి, బాబూ ఆ గొట్టం సంగతేమిటంటే అని ఏదో చెప్పబోయాడు. దాలినాయుడు అరచెయ్యి ఎత్తి ఆపి, మీరు అక్కడే కూర్చోండి అని మర్యాదగానే వెనక్కి పంపేశాడు. అమ్మేవాడి మాట నమ్మకూడదన్నది ఆ షెడ్డులో అతను నేర్చుకున్న మొదటి పాఠం.

ఇంతకీ అతనికి కనిపించినవి ఇవి. ఇంజనుకి గాలి తీసుకెళ్ళే గొట్టానికి ఒక చిల్లు, దానికి రబ్బరు మూత. ఇంజను వెనక రేకులో ఇంకో చిల్లు, అందులో మెత్తి ఆరిపోయిన మైనం లాంటి పదార్థం. కోసి, టేపు చుట్టి వదిలేసిన తీగలు. పైభాగం బోల్టుల మీద పానా గీతలు. అతుకు దగ్గర కంపెనీ వాళ్ళు వాడని ఎర్ర పేస్టు. ముందున్న ఫ్యానుకి కొత్తగా లాగిన ఒక నల్ల తీగ.

దాలినాయుడు ముందు మేస్త్రి దగ్గరికి వచ్చి, ఎవరో స్పీడు కోసం ఇంజనుకి మార్పులు చేయించారని చెప్పాడు. మేస్త్రి అలాగా అన్నాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి, స్పీడు కోసం కాదండీ, ఇది గుద్దుకున్న బండి అన్నాడు. మేస్త్రి మళ్ళీ అలాగా అన్నాడు. మూడోసారి వచ్చేటప్పటికి మొహం పాలిపోయి ఉంది. అసలు ఈ ఇంజనే ఈ బండిది కాదేమోనని అనుమానంగా ఉందన్నాడు.

"మూడింట్లో ఏది చెప్పమంటావు రా ఆవిడకి?"

దాలినాయుడు నుదురు తుడుచుకున్నాడు. చేతికున్న నూనె నుదుటికి అంటింది.

"తెలీటం లేదు గురువుగారూ. ఒక్కో బోల్టు ఒక్కో కథ చెబుతోంది."

బెంచీ చివర కూర్చున్న ఎస్తేరు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సాయంత్రంలోగా తేల్చుకోకపోతే బండి ఇంకొకరు తీసుకుంటారు. తేలకుండా తీసుకుంటే దాన్ని నమ్మి కొండ ఎక్కాలి.

మేస్త్రి లేచాడు. ఇంజను వైపు వెళతాడనుకున్నాడు దాలినాయుడు, పక్కకి జరిగి దారి కూడా ఇచ్చాడు. మేస్త్రి అటు పోలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసి, గ్లాసు పట్టుకుని బయటికి వెళ్ళి, గోవిందరాజులు గారి చేతికిచ్చి, పక్కనే నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"ఏమండీ, ఈ బండికి ఏమేం మార్పించారు?"

గోవిందరాజులు గారు ఎప్పుడడుగుతారా అని ఎదురుచూస్తున్నట్టు మొదలుపెట్టాడు. పెట్రోలు భరించలేక గ్యాసు కిట్టు పెట్టించాడట. కొన్నాళ్ళకి హెడ్డు విప్పించాల్సి వచ్చిందట. దాంతో విసుగొచ్చి కిట్టు తీయించేశాడట. మధ్యలో మేస్త్రీల మీద, గ్యాసు మీద, పెళ్ళివాళ్ళ మీద ఆయనకున్న ఫిర్యాదులన్నీ కూడా చెప్పుకొచ్చాడు.

గ్యాసు కిట్టు అంటే తెలియని వాళ్ళకి ఒక్క మాట. ఆ కిట్టులో సిలిండరు డిక్కీలో ఉంటుంది. అక్కడి నుంచి గ్యాసు ముందుకి రావాలంటే ఇంజను వెనక రేకుకి చిల్లు పెట్టాలి. లోపలికి పోవాలంటే గాలి గొట్టానికి చిల్లు పెట్టాలి. కొన్ని తీగలు కోసి కలపాలి. కిట్టు తీసేసినా చిల్లులు ఉండిపోతాయి కదా, వాటిని మూస్తారు. ఇక గ్యాసు మీద ఎక్కువ తిరిగితే లోపల వాల్వులు అరుగుతాయి. అప్పుడు ఇంజను పైభాగం, దాన్నే హెడ్డు అంటారు, విప్పి బాగుచేసి, కొత్త పేస్టు రాసి బిగించాలి.

ఇవన్నీ దాలినాయుడికి తెలిసినవే. వింటుంటే చెవులు వేడెక్కాయి. మేస్త్రి లోపలికి రాగానే గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మేవాడి మాట నమ్మొద్దని మీరే కదా అన్నారు."

"నమ్మొద్దన్నాను. అడగొద్దన్నానా?"

మేస్త్రి ఇంజను వైపు వేలు చూపించాడు.

"ఆయన చెప్పినవన్నీ తీసెయ్. ఏటి మిగిలిందో చూడు పో."

దాలినాయుడు మళ్ళీ ఇంజను మీదికి వంగాడు. గొట్టం చిల్లు గ్యాసుది. రేకు చిల్లు గ్యాసుది. కోసిన తీగలు గ్యాసువి. బోల్టుల మీద గీతలు, ఎర్ర పేస్టు హెడ్డు విప్పినప్పటివి. పొద్దున్నుంచీ అతన్ని తిప్పలు పెట్టినవి ఒక్కొక్కటే పక్కకి తప్పుకున్నాయి. నల్ల తీగ ఒక్కటే ఉండిపోయింది.

దాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్ళాడు. ఇంజను బాగా వేడెక్కినప్పుడు మాత్రమే తిరగాల్సిన ఫ్యానుకి ఆ తీగ నేరుగా కరెంటు ఇస్తోంది. తాళం తిప్పితే చాలు, వేడి ఉన్నా లేకపోయినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఇది గ్యాసుది కాదు. హెడ్డుదీ కాదు.

అక్కడే ఆగిపోయి ఇంకో కథ అల్లుకోవచ్చు. ఈసారి అల్లుకోలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళి, గోవిందరాజులు గారి పక్కన కూర్చున్నాడు.

"ఫ్యానుకి నల్ల తీగ ఎప్పుడు వేయించారండీ?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. అప్పుడు చెప్పాడు. మొన్న వేసవిలో పెళ్ళివాళ్ళని సింహాచలం కొండ ఎక్కిస్తుంటే ఇంజను కాగిపోయి, పొగలు కక్కిందట. కారణం ఎవరూ తేల్చలేకపోయారట. ఫ్యాను ఆగకుండా తిరిగితే వేడెక్కదని ఎవరో తీగ కలిపి ఇచ్చారట. ఆ తరవాత మళ్ళీ కొండ ఎక్కించలేదు, కిందనే తిప్పాను, ఏ ఇబ్బందీ లేదు అన్నాడు.

"ఇందాక ఇది చెప్పలేదేమండీ?"

"తీగ ముక్కే కదా బాబూ. అదీ ఒక మార్పేనా?"

ఆ మాట అబద్ధంలా లేదు. పూర్తిగా నిజంలానూ లేదు. దాలినాయుడు లేచి షెడ్డులోకి నడిచాడు.

లోపల ఎస్తేరు లేచి నిలబడి ఉంది. మేస్త్రి వైపు తిరిగి, తీసుకోమంటారా బాబూ అని అడిగింది. మేస్త్రి గడ్డంతో శిష్యుణ్ణి చూపించాడు.

దాలినాయుడు జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. గ్యాసు, హెడ్డు, పేస్టు, తీగ, అన్నీ వరసగా నాలుక చివరే ఉన్నాయి. అవేవీ చెప్పకుండా ఆగి, ఆవిడ మొహంలోకి మొదటిసారి చూశాడు.

"అమ్మా, మీరు దీన్ని ఎక్కడ నడుపుతారు?"

"పాడేరు ఘాట్ మీద."

"రోజూనా?"

"రోజూ. ఒక్కోసారి వెనక సీట్లో నొప్పులు పడుతున్న మనిషి ఉంటుంది."

దాలినాయుడు బానెట్టు దించాడు. కారు తాళం తీసుకుని బయటికి వెళ్ళి, రెండు చేతులతో గోవిందరాజులు గారికి ఇచ్చేశాడు.