పదేళ్ళు మన్నాల్సిన తివాచీ

గంపలపేటలో తివాచీలు నేసే ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లో ముగ్గురన్నదమ్ములు: చిట్టెబ్బాయి, సత్తెబ్బాయి, పుల్లబ్బాయి. వాళ్ళ ముగ్గురి మీదా పెత్తనం చిట్టెబ్బాయి పెళ్ళాం మాణిక్యాంబది. నలుగురికీ తమ తెలివంటే మహా గర్వం. "పరీక్ష చెయ్యందే మేం దేన్నీ నమ్మం" అని ఊరంతా చెప్పుకుని తిరిగేవారు. నిజమే మరి. ఓసారి గొడుగు కొనడానికి మాఘమాసంలో కొట్టుకెళ్ళి, అది వానకి ఆగుతుందో లేదో తేల్చుకోడానికి జ్యేష్ఠం దాకా ఆ కొట్టు అరుగు మీదే కూర్చున్నారు. వాన వచ్చింది. గొడుగు విప్పి చూశారు, ఆగింది. "బాగుంది, పై ఏడు కొనుక్కుంటాం" అని షావుకారికి చెప్పి తడుస్తూ ఇంటికొచ్చారు.

నేత మాత్రం బ్రహ్మాండంగా నేసేవారు, అది ఒప్పుకుని తీరాలి. కానీ మిషను తివాచీలొచ్చాక వీళ్ళని అడిగే నాథుడు లేడు. ఏడాదిన్నరగా మూడు మగ్గాలూ మూలబడ్డాయి. ఇంకో ఆర్నెల్లు ఇలాగే ఉంటే మగ్గాలు ఊడదీసి అమ్మేసి, తలో కూలికీ పోవాల్సిందే. ఆ మాట తలుచుకుంటే చిట్టెబ్బాయికి ముద్ద దిగేది కాదు.

అలాంటి రోజుల్లో వాళ్ళ గుమ్మం ముందు ఓ కారు ఆగింది. దిగినావిడ పేరు శర్వాణి గారు. కొత్తగా కట్టిన విమానాశ్రయంలో, విమానం వచ్చేదాకా జనం కూర్చునే లాంజిని అందంగా ముస్తాబు చేసే పని ఆవిడది.

"చూడండి చిట్టెబ్బాయి గారూ, మిషను కంపెనీ వాళ్ళు పోటీలో ఉన్నారు. నాకు మాత్రం మీ చేతిపనే ఇష్టం," అందావిడ. "మీ దగ్గరున్న రకాల్లో ఒకటి మీరే ఎంచి పెట్టండి. రోజుకి పదివేల అడుగులు పడ్డా పదేళ్ళు మన్నాలి. రంగు కళ్ళకి గుచ్చుకోకూడదు. వాడకం అయిపోయాక చెత్తగా మిగలకుండా మట్టిలో కలిసిపోవాలి. పదిహేను రోజుల్లో మా ఛైర్మన్ గారిని తీసుకొస్తా."

"అలాగేనమ్మా. అన్నీ పరీక్ష చేసే చూపిస్తాం," అన్నాడు చిట్టెబ్బాయి.

ఆవిడ సంతోషంగా కారెక్కింది. పిచ్చితల్లి.

ఇంట్లో నాలుగు రకాల తివాచీలున్నాయి: కొబ్బరిపీచుది, జనపనారది, నూలుది, ఉన్నిది. నాలుగూ వరసగా వాకిట్లో పరిచారు. పుల్లబ్బాయి ఒక్కో దాని మీదా బోర్లా పడుకుని, కన్ను బాగా తెరిచి అటూ ఇటూ రుద్దాడు. కొబ్బరిపీచు దగ్గర కెవ్వుమన్నాడు.

"గుచ్చుకుందా తమ్ముడూ?" అడిగాడు సత్తెబ్బాయి.

"గుచ్చుకుంది అన్నయ్యా, బాగా గుచ్చుకుంది," అన్నాడు పుల్లబ్బాయి కన్ను మూసుకుని. అంతే, కొబ్బరిపీచు పోటీలోంచి తప్పుకుంది.

ఇక పదేళ్ళ సంగతి. "పదేళ్ళు కూర్చుని చూద్దామంటే ఆవిడ పదిహేను రోజులే ఇచ్చింది. పదేళ్ళ నడకంతా పదిరోజుల్లో నడిపించేస్తే సరి," అంది మాణిక్యాంబ. ఇంకేముంది, పేటలో ఉన్న మనిషినల్లా పిలిచారు. ఉత్తినే నడవమంటే ఎవరొస్తారు? కాఫీ ఇస్తామన్నారు. నేనూ వెళ్ళాను, దాపరికమెందుకు. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఆ మూడింటి మీదా గానుగెద్దుల్లా తిరిగాం. చక్రాల పెట్టెలు లాగేవాళ్ళు ఉంటారు కదా అని సత్తెబ్బాయి రుబ్బురోలుకి తాడు కట్టి లాగాడు. ప్రయాణికులు కాఫీ ఒలకబోస్తారు కదా అని మాణిక్యాంబ మాకిచ్చిన కాఫీల్లో సగం లాక్కుని తివాచీల మీద పోసింది. మూడోరోజుకి జనపనార పీచుపీచైంది. ఆరోరోజుకి నూలుది చిల్లులు పడింది. పదోరోజుకి ఉన్నిది మిగిలింది. మిగిలిందంటే, నున్నగా బోడిగుండై మిగిలింది.

"చూశారా, పదేళ్ళూ మన్నింది," అని చిట్టెబ్బాయి దానికి దిష్టి తీశాడు.

మరి మట్టిలో కలుస్తుందా? పొద్దున్న పెరట్లో గొయ్యి తీసి పూడ్చారు. మధ్యాహ్నం తవ్వి చూశారు. కలవలేదు.

"వాడకం అయిపోయాక కదా కలవాలి. అయిపోయిందని దానికెవరు చెప్పారు?" అన్నాడు సత్తెబ్బాయి.

అంతే, మాణిక్యాంబ గోతి ఒడ్డున కూర్చుని, "అమ్మా తివాచీ, నీ వాడకం అయిపోయింది. ఇంక కలువు తల్లీ," అని బతిమాలింది. మర్నాడూ కలవలేదు. అప్పుడు దాన్ని ముక్కలు కోసి, సున్నంలో నానేసి, పేడ కలిపి, రోకళ్ళు పుచ్చుకుని నలుగురూ రెండ్రోజులు దంచారు. పదిహేనోరోజు పొద్దున్నకి బంగారంలాంటి తివాచీ కాస్తా నల్లటి మట్టి అయింది. నలుగురూ ఒకర్నొకరు వాటేసుకున్నారు. చిట్టెబ్బాయికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

అన్న ప్రకారం శర్వాణి గారు ఛైర్మన్ దైవాధీనం గారిని వెంటబెట్టుకుని వచ్చింది. చిట్టెబ్బాయి మట్టిబుట్ట తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"తివాచీ ఏదండీ?" అందావిడ.

"ఇదేనమ్మా. అన్ని పరీక్షల్లోనూ నెగ్గింది."

ఆవిడ అరుగు మీద చతికిలబడింది. వీళ్ళ కోసం ఆయనకి ఎంత నచ్చజెప్పి తీసుకొచ్చిందో పాపం. దైవాధీనం గారు మాత్రం బుట్టలో చెయ్యి పెట్టి మట్టి నలిపి చూశారు. జరిగిందంతా అడిగి చెప్పించుకున్నారు. విన్నంతసేపూ పొట్ట పట్టుకుని నవ్వారు.

"కంపెనీ వాళ్ళు నాకు నలభై పేజీల కాగితాలు చూపించారు శర్వాణీ. వీళ్ళు పదేళ్ళు నడిపించి మరీ మట్టి చూపించారు," అన్నారు. "లాంజిలో నాలుగు గదులున్నాయి. ఇదే ఉన్నితో ముందు ఒక గదికి నెయ్యండి. బాగుంటే మిగతా మూడు గదులూ మీకే. మూడేళ్ళు మీ మగ్గాలు ఆగవు."

ఆ రోజు చిట్టెబ్బాయి మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు. తొమ్మిది నెలలు పేటంతా మగ్గాల చప్పుడే. బూడిదరంగు నేల, అంచున పసుపు మామిడిపిందెలు. లాంజిలో పరిస్తే గదికి గదే మారిపోయింది. ప్రారంభం నాడు చూసినవాళ్ళందరూ వంగి చేత్తో తడిమి మరీ మెచ్చుకున్నారు.

మనవాళ్ళూ తలుపు దగ్గర నిలబడి మురిసిపోయారు. అప్పుడొచ్చింది చిట్టెబ్బాయికి అనుమానం. "రోజుకి పదివేల అడుగులే కదా ఒప్పుకున్నాం. పదివేలు దాటితే?"

"మన్నదు. మన మాట పోతుంది, మిగతా గదులు కూడా పోతాయి," అంది మాణిక్యాంబ.

ఇంకేముంది, ఆవిడ సంచీలోంచి చింతపిక్కలు తీసి, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు చూస్తూ వంద అడుగులకొక పిక్క చొప్పున పక్కన పెడుతూ కూర్చుంది. పన్నెండున్నరకి వందో పిక్క పడింది. సరిగ్గా అప్పుడు దైవాధీనం గారు గది నడిమధ్యన కాఫీ కప్పుతో ఒక కాలు ఎత్తి ఉన్నారు.

"అయ్యగారూ, ఆ కాలు దించకండి. ఇవాళ్టి అడుగులు అయిపోయాయి," అని అరిచాడు చిట్టెబ్బాయి.

"మరి నేనెలా రావాలయ్యా?" అన్నారాయన ఒంటికాలి మీద ఊగుతూ.

అన్నదమ్ములకి దానికీ ఉపాయం తట్టింది. మోకాళ్ళు అడుగుల్లోకి రావు కదా. అంతే, పుల్లబ్బాయి పాక్కుంటూ వెళ్ళి ఆయన్ని వీపు మీద ఎక్కించుకుని గుమ్మంలో దించాడు. ఆ తర్వాత ముగ్గురూ వరసగా వంగి, విమానం వేళైనవాళ్ళని బయటికీ, కొత్తగా వచ్చినవాళ్ళని కుర్చీల దగ్గరికీ మొయ్యడం మొదలెట్టారు. లావుపాటి పెద్దమనిషొకాయన కాఫీ కోసం రెండుసార్లు ఎక్కాడు. దైవాధీనం గారికి కోపం రాలేదు సరికదా, "తివాచీ అదిరింది, మిగతా గదుల సంగతి చూడు" అని శర్వాణి గారితో చెప్పి విమానం ఎక్కేశారు.

ఆవిడ కాగితాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "లేవండి చిట్టెబ్బాయి గారూ. ఇక్కడ సంతకం పెట్టండి. మిగతా మూడు గదులకీ రేపట్నించే మగ్గాలెక్కాలి మీరు."

చిట్టెబ్బాయి నాలుగుకాళ్ళ మీద ఉన్నవాడు ఉన్నట్టే తల పైకెత్తాడు. పాపం, ఆవిడ అమాయకత్వం చూసి అతనికి జాలేసింది.

"ఎలా కుదురుతుందమ్మా? ఈ పదేళ్ళూ మధ్యాహ్నం దాటితే మేం ముగ్గురం ఇక్కడే ఉండాలి కదా. అడుగులు లెక్కపెట్టడానికి మా ఆవిడా ఉండాలి. ఆ మూడు గదులూ మిషను కంపెనీకే ఇచ్చెయ్యండి. వాళ్ళకైతే మోసే పని లేదు, తీరిగ్గా నేస్తారు," అని చెప్పి, వీపు మీదున్నాయన్ని సర్దుకోమని, కుర్చీల వైపు పాకాడు.