చెరిపిన చుక్కలు

పార్వతీపురంలో సోమయాజులు మాస్టారి గురించి ఒక మాట ఉంది. ఆయన్ని లెక్క అడిగితే లెక్క చెబుతారు, సలహా అడిగితే చెప్పులు వేసుకుంటారు అని. అంటే మనల్ని ఎక్కడికో ఒక చోటికి బయల్దేరదీస్తారన్నమాట. జవాబు దారిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే కాళ్ళనొప్పులే లాభం. అయినా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు.

ఆ రోజు అడిగింది ఇందుమతి. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, లెక్కల్లో మాస్టారి శిష్యురాలు. ఏ ఊరి పిల్లలైనా, ఏ బడి పిల్లలైనా అందర్నీ ఒకే కొలతతో కొలిచే పరీక్ష ఒకటుంది కదా, పెద్ద కాలేజీలు అప్లికేషన్‌తోపాటు దాని స్కోరు అడుగుతాయి. ఇందు అది రెండుసార్లు రాసింది. మొదటిసారి స్కోరు బొత్తిగా అడుగంటింది. రెండోసారి వచ్చినదాన్ని మాస్టారే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. చాలా కాలేజీలు మీకు నచ్చిన స్కోరే పంపుకోండి అంటాయి. ఇందు మనసుపడ్డ కాలేజీ ఒక్కటి మాత్రం, ఎన్నిసార్లు రాస్తే అన్నీ పంపమంది.

"రెండోదొక్కటే పంపేస్తే ఎవరికి తెలుస్తుంది మాస్టారూ? నాన్న కూడా అదే అంటున్నాడు. రెండూ పంపితే సీటు రాదేమోనని భయంగా ఉంది" అని ఆగింది ఇందు. మళ్ళీ తనే గొంతు తగ్గించి, "సీటు సంగతి అలా ఉంచండి. ఆ మొదటి స్కోరు నా కంటికి కనబడకూడదు. అసలా రోజే నా బతుకులో లేకపోతే బాగుండును" అంది.

ఆ రోజేమిటో మాస్టారికి తెలుసు. ఇందు విశాఖపట్నంలో పరీక్ష రాస్తున్న పూటే, అదే ఊళ్ళో ఆసుపత్రి మంచం మీద వాళ్ళమ్మ గౌరమ్మ కన్నుమూసింది. పొద్దున్న తల్లే పట్టుబట్టి పంపింది, "రాసొచ్చి కనబడు" అని. హాల్లో కూర్చున్నదన్న మాటే గానీ ప్రాణమంతా ఆసుపత్రిలోనే ఉంది ఆ పిల్లకి. తీరా రాసొచ్చేసరికి మంచం ఖాళీ. అటు పరీక్షా దక్కలేదు, ఇటు తల్లి ఆఖరి చూపూ దక్కలేదు. అలాంటి కష్టం పగవాళ్ళకి కూడా వద్దు.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

"ఇవాళ నీకేం పనుందమ్మా?"

"రేపు అమ్మ సంవత్సరీకం. ఫోటో కట్టించడానికిచ్చాం, తెచ్చుకోవాలి."

"పద."

దారి పొడుగునా ఆయన ఈ ఏడు వంకాయకి పట్టిన పుచ్చు గురించి మాట్లాడారు. ఇందుకి ఒళ్ళు మండింది. నేనేమిటి, ఈయన వంకాయలేమిటి అనుకుంది. పైకి మాత్రం "ఊఁ" కొడుతూ నడిచింది.

ఫోటో ఎంచింది ఇందుమతే. చిన్నత్త పెళ్ళిలో తీసినది. అమ్మ నవ్వుతూ దొరికిన ఫోటో అదొక్కటే, తక్కినవన్నీ రేషన్ కార్డు మొహాలు. స్టూడియో ఆయన కాగితం విప్పి గర్వంగా చూపించాడు. "మీరు ఫోన్లో చెప్పినట్టే మరకలు తీసేశానమ్మా. చూడండి, ఎంత నీటుగా ఉందో!" అద్దం వెనక గౌరమ్మ మెరిసిపోతోంది. మాస్టారు ఫోటో వైపు చూసి, పిల్ల వైపు చూశారు. ఇందు తల దించుకుని ఫ్రేముని కాగితంలో చుట్టేసింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ అప్పలనరసమ్మ అరుగు మీద కూర్చుని మర్నాటికి బియ్యం ఏరుతోంది. ముసలమ్మకి చూపు ఆనదు. మనవరాలు అందించిన ఫోటోని మొహం దగ్గర పెట్టుకుని, వెలుతురుకి తిప్పి, మళ్ళీ దగ్గర పెట్టుకుంది.

"ఇదెవులే గుంటా?"

"అమ్మే కదా, అమ్మమ్మా!"

"మీయమ్మా? మరి గెడ్డం మీద సుక్కలేవే?"

గౌరమ్మ గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలుండేవి. వాళ్ళ పల్లెలో ఆడపిల్లలకి ఊహ తెలియకముందే పొడిపించేవారు. ఒకసారి స్కూలు మీటింగుకి తల్లి వస్తే వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అప్పట్నుంచీ ఇందుకి ఆ చుక్కలంటే నామోషీ. స్టూడియో ఆయన ఫోన్ చేసి "గడ్డం మీద మరకలున్నాయి, తీసెయ్యనా?" అన్నప్పుడు అవి మరకలు కావని ఆ పిల్లకి తెలుసు. తెలిసే, "తీసెయ్యండి" అంది.

"సంతలో నా ఒళ్ళో కూకోబెట్టుకుని పొడిపించినాను" అంది ముసలమ్మ. "ఎంతేడిసిందో నా తల్లి! బెల్లంముక్క నోట్లో ఎట్టి ఊరుకోబెట్టినాను. పోయిన్నాడు మెడలో గొలుసు తీసీసినారు, ముక్కుపుడక తీసీసినారు. పచ్చబొట్టు తియ్యనేరు గదా, అదొక్కటే దానెంట ఎల్లింది. దాన్ని మీరెలాగ తీసీసినారమ్మా?"

ముసలమ్మ కాటుక తెమ్మంది. తెచ్చాక, ఎడంచేత్తో అద్దం మీద తడుముకుంటూ గడ్డం వెతుక్కుని, కుడిచేతి వేలితో మూడు చుక్కలు పెట్టింది. రెండు కుదిరాయి. మూడోది పైకి జరిగి పెదవి మీద పడింది. అయినా ముసలమ్మ ఫోటోని గుండెకి హత్తుకుని, "ఇదుగో, ఇప్పుడొచ్చింది నా గౌరి" అంది.

ఇందుమతి స్తంభానికి ఆనుకుని కూలబడిపోయింది. ఏడాదిగా బిగపట్టుకున్న ఏడుపంతా కట్ట తెగినట్టు వచ్చింది. "రాసొచ్చి కనబడమన్నావు కదమ్మా, వచ్చాను కదమ్మా" అని పైకే అనేసింది. మాస్టారు ఊరుకోమనలేదు. ముసలమ్మ పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ ఉండిపోయారు.

పొద్దు వాలాక ఆయన లేచి చెప్పుల కోసం చూశారు. ఇందు మొహం తుడుచుకుని వీధి గుమ్మం దాకా వచ్చింది.

"మాస్టారూ, నేనడిగినదానికి..."

"ఫోటో బాగానే ఎంచావమ్మా. నవ్వేదాన్నే ఎంచుకుంటాం, అది మనిష్టం" అన్నారు మాస్టారు, చెప్పులో కాలు దూర్చుతూ. "కానీ ఆ చుక్కల్నీ, ఆ మొదటి స్కోరునీ మరకలన్నదెవరు?"